సొంత కోరికకు ముందు

ప్రార్థన అనగానే మనకు కోరికలే స్ఫురిస్తాయి. ఆరోగ్యం, సంతానం, సంపద - మానవుడు దైవాన్ని అర్థించనిది లేదు. అయితే ముస్లిములు దినానికి ఐదు పర్యాయాలు ఆచరించే నమాజు చివరి ఘట్టంలో వ్యక్తిగతమైన విన్నపం చాలాసేపు వేచి ఉండవలసిందే.

నిలిచి, వంగి, సాష్టాంగపడిన పిమ్మట నమాజు చేసే వ్యక్తి మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. మొదట దైవస్తుతి, ఆపైన ప్రవక్తకు సలాం, అటుపిమ్మట తనతోపాటు సజ్జనులైన దైవదాసులందరికీ శాంతి కోరడం, అనంతరం విశ్వాస ప్రకటన. తరువాత వచ్చేదే దరూద్. ఇది పారశీక పదం. అరబ్బీలో సలవాత్ అంటారు.

ప్రవక్తపై శుభాశీస్సులు కోరమని ఖురాన్ 33వ సూరా, 56వ ఆయత్ ఆదేశిస్తున్నది. సలాం చెప్పే తీరు తమకు తెలుసుననీ, ఆశీస్సులు కోరే తీరు తెలుపమనీ అనుచరులు ప్రవక్తనే అడిగారని, 870లో మరణించిన ఇమాం బుఖారీ హదీసు సంకలనం చెబుతున్నది. ఆయన నేర్పిన ప్రార్థన తన ఒక్కరితో ఆగలేదు. తన కుటుంబాన్నీ, తనకు ఎన్నో శతాబ్దాల పూర్వీకుడైన ఇబ్రాహీమునూ, ఆయన కుటుంబాన్నీ అందులో చేర్చారు. యూదులూ, క్రైస్తవులూ గౌరవించే అబ్రహామే ఈ ఇబ్రాహీము.

దరూద్ ముగిసిన తరువాతనే సొంత విన్నపానికి తావు. అదీ క్షణకాలమే. వెంటనే ముఖం కుడివైపునకూ, ఆపై ఎడమవైపునకూ త్రిప్పి సలాం పలుకుతారు. సామూహిక నమాజులో ప్రక్కన ఉన్నవాడు కూలీ కావచ్చు, కోటీశ్వరుడు కావచ్చు, నిన్న తగవుపడినవాడే కావచ్చు. అతనికి శాంతినీ, దైవకారుణ్యాన్నీ కోరనిదే నమాజు ముగియదు.