నేల వాలు చదువుట – పటము గీయుట

నిరుడు వేసిన గట్టు ఈ ఏడు మొదటి పెద్ద వానకే తెగిన, మట్టి చాలలేదని అనుకొందుము. కాని వాలు చూడక హద్దు వెంట వేసిన గట్టుకు మట్టి ఎంత వేసినను, నీరంతయు పల్లపు చోటికి చేరి అచ్చటనే గండి కొట్టును. ఆ గండిలో పోవునది నీరు మాత్రమే కాదు. ఏళ్ల తరబడి ఎరువు తోలి పెంచుకొన్న పైమట్టి కూడ.

గ్రామోద్యోగుల వద్దనుండు గ్రామ పటము, కొలతల పుస్తకము సర్వే నంబర్ల హద్దులను చూపును గాని ఎత్తుపల్లములను చూపవు. వానిని చూపునది సమోన్నత రేఖల పటము. దీనినే కాంటూరు పటమందురు.

సమోన్నత రేఖ యనగా నేమి?

వేసవిలో చెరువు నీరు తగ్గినకొలది ఒడ్డున చారలు మిగులును. ఒక్కొక్క చార వెంట నేల ఒకే ఎత్తున నుండును. సమోన్నత రేఖ అట్టిదే. బడి పిల్లలకు దీనిని నేర్పుట సులభము. గంగాళములో బంకమట్టితో గుట్ట చేయించండి. అంగుళము చొప్పున నీరు పోయించి, ప్రతిసారి నీటి అంచున పుల్లతో గీత పెట్టించండి. నీరు తోడివేసి, పైనుండి చూచి ఆ గీతలను కాగితముపై దించమనండి. అదే వారి మొదటి పటము.

పటము చదువుట

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటములలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానము. ఈ రేఖలు గోధుమ రంగున నుండును. అవి దగ్గరగా నున్న వాలు ఎక్కువ. ఎడముగా నున్న తక్కువ. వాగు దాటుచోట రేఖ ఎగువ వైపునకు మొనదేలును. కాని రేఖకు రేఖకు సాధారణముగా 20 మీటర్ల ఎత్తు తేడా యుండుటచే అయిదెకరముల చేని వాలు అందు తెలియదు. దానిని మనమే కొలుచుకొనవలెను.

మీ చేని పటము

15 మీటర్ల పారదర్శకపు గొట్టము, సెంటీమీటర్ల గుర్తులు గల రెండు కర్రలు చాలును. గొట్టము కొసలను కర్రలకు కట్టి, గాలి బుడగలు లేకుండ నీరు నింపవలెను. రెండు కర్రలపైన నీరు ఒకే గుర్తు వద్ద నిలిచిన, ఆ రెండు చోట్లును ఒకే ఎత్తు. మొదటి కర్రపై 90, పది మీటర్ల దూరమున రెండవ కర్రపై 110 చూపిన, రెండవ చోటు 20 సెంటీమీటర్లు పల్లము. అనగా వాలు నూటికి 2.

ఒకే ఎత్తు గల చోట్ల కొయ్య మేకులు పాతుచు పొండి. సర్వే నంబరు పటము నకలుపై ఆ మేకులను గుర్తించి కలిపిన సమోన్నత రేఖ ఏర్పడును. తక్కువ వర్షపాతము గల ఎర్రనేలలలో గట్టును ఈ రేఖపైననే వేయవలెను. వాలు నూటికి 3 ఉన్నచో, వాడుకలోనున్న సూత్రము ప్రకారము 90 సెంటీమీటర్ల ఎత్తు తేడాకు, అనగా 30 మీటర్లకు, ఒక గట్టు. దుక్కియు, విత్తుటయు గట్టుకు సమాంతరముగా సాగవలెను. మిగులు నీరు పోవుటకు రాతి కలుజు మరువరాదు. లోతైన నల్లరేగడిలో మాత్రము ఇట్టి గట్ల వద్ద నీరు నిలిచి పైరు దెబ్బతినును. అచ్చట నీటిని మెల్లగా నడిపించు కొద్ది వాలు గట్లు మేలు.

వాలు హద్దు రాతిని ఎరుగదు. మీ గట్టు పొరుగువాని చేనిలోనికి సాగిననే పనికివచ్చును. కావున గ్రామోద్యోగులు వేసవిలో, పైరు లేని వేళ, ఇరుగుపొరుగు రైతులను, బడి పిల్లలను కూడగట్టి పటము గీయించవలెను. తొలకరికి ముందు గీచిన గీత తొలకరి నీటిని నిలుపును.