రంగం నుంచి విశాఖకి ఎంత దూరం?

యాంగోన్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో "ఎంత దూరంరా అది?" అని అమ్మ అడిగితే, "ఢిల్లీ అంతేనమ్మా" అన్నాను. అబద్ధం కాదు. విశాఖ నుంచి ఢిల్లీకైనా, యాంగోన్‌కైనా ఆకాశమార్గాన దాదాపు 1,370 కిలోమీటర్లే. నేరుగా ఎగిరితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

నాన్నగారికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చిన రోజు అసలు లెక్క తెలిసింది. నేరుగా వెళ్ళే విమానం లేదు. కోల్‌కతా మీదుగా అయితే 1,800 కిలోమీటర్లు, కానీ ఆ రోజు సర్వీసు లేదు. చివరికి బ్యాంకాక్, హైదరాబాదుల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు తిరిగి, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. నాన్నగారు కోలుకున్నారు గానీ, ఆ రాత్రి మరచిపోలేను.

మా తాతల కాలంలో కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి సముద్రం దాటి "రంగం"లో దిగేవారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు ఓడలు దొరకని లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటుతూ నడిచొచ్చారు. దారి మూసుకుపోతే దగ్గర ఊరూ దూరమే.

అందుకే ఇక్కడికొచ్చే మనవాళ్ళకి నా సలహా: ఏ వారాల్లో ఏ విమానాలున్నాయో ముందే రాసి పెట్టుకోండి. వీలైతే మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకోండి. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, దిగేదీ ఎక్కేదీ ఒకటేనా చూసుకోండి. మయన్మార్ గడియారం ఇండియా కంటే గంట ముందుంటుంది, అదీ మరవకండి.