రెండు పాత కంప్యూటర్లను తీగతో కలుపుట – మాట కలియనిచో చూడవలసినవి

కంప్యూటరు పాతదైనంత మాత్రమున అందలి వ్రాత పాతబడదు. 1990వ దశకమున ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లో కూర్చిన యంత్రములును, యూనికోడ్ వాడుకకు రాక పూర్వపు తెలుగు ఫాంట్లతో పత్రికలను సిద్ధపరచిన యంత్రములును కొన్ని సంస్థల మూలగదులలో నేటికిని పడియుండవచ్చును. వాని ఫ్లాపీ డ్రైవు చెడిపోయి యుండును. విండోస్ 95 తొలి ప్రతికి యు.ఎస్.బి. యన నేమో తెలియనే తెలియదు. అట్టి యంత్రమును పాతసామాను వానికి అప్పగింప కమిటీ వారు తీర్మానించుటకు ముందు, అందలి పుటలను వెలికితీయుటకు చవుకయైన మార్గమొకటి కలదు: రెండు కంప్యూటర్లను ఒక కేబులుతో నేరుగా కలుపుట. విండోస్ 95లో దీనికై డైరెక్ట్ కేబుల్ కనెక్షన్ అను సాధనము వచ్చినది. అంతకు ముందు 1993 నాటి ఎం.ఎస్. డాస్ 6లోనే ఇట్టి ఏర్పాటు కలదు. రెండవ యంత్రముగా సీరియల్ పోర్టును, యు.ఎస్.బి.ని రెండును గల విండోస్ ఎక్స్‌పీ యంత్రము దొరకినచో అది మంచి మధ్యవర్తి యగును.

పని సాగనప్పుడు మొదట అనుమానింపవలసినది కేబులునే. ఆర్.ఎస్. 232 అను సీరియల్ ప్రమాణము 1960లో అమెరికాలో వెలువడినది. కంప్యూటరును మోడెముతో కలుపుటకే దానిని ఉద్దేశించిరి. కంప్యూటరు పలుకు సూది, మోడెము విను సూది ఒకే సంఖ్య గలవి. కాబట్టి ఆ కేబులులో తీగలు తిన్నగా పోవును. దానితోనే రెండు కంప్యూటర్లను కలిపితిమా, ఒకని నోటికి మరియొకని నోటిని, చెవికి చెవిని ఆనించినట్లగును. ఇచట కావలసినది తీగలు అడ్డముగా మారిన నల్ మోడెమ్ కేబులు. చిక్కేమనగా, పైకి చూచిన రెండును ఒకే తీరుగా నుండును. దుకాణమువాని మాటను నమ్మక మల్టీమీటరుతో పరీక్షింపుడు. తొమ్మిది సూదుల పోర్టులో 2 వినునది, 3 పలుకునది, 5 భూమి. ఈ చివరి 2, ఆ చివరి 3తో కలియవలెను. అయితే ఇరువదియైదు సూదుల పోర్టులో 2 పలుకునది, 3 వినునది, 7 భూమి. కావున ఒక చివర తొమ్మిది, రెండవ చివర ఇరువదియైదు సూదులున్నచో 2కు 2, 3కు 3 తిన్నగా కలియుటయే సరియైనది. అనుభవజ్ఞులు సైతము తడబడు స్థలమిది.

కేబులు మంచిదే యని తేలిన పిమ్మట పోర్టును పరీక్షింపవలెను. కేబులును ఊడదీసి, తొమ్మిది సూదుల పోర్టులో 2, 3 సూదులను చిన్న తీగతో కలుపుడు. హైపర్ టెర్మినల్ తెరచి, ఆ పోర్టును ఎంచుకొని, ఫ్లో కంట్రోల్ మాన్పి, లోకల్ ఎకో తీసివేసి ఏదేని యొక అక్షరము కొట్టుడు. అది తెరపై కనబడినచో పోర్టు బ్రదికియున్నది. కనబడనిచో బయోస్‌లో పోర్టును మూసియుంచిరేమో చూడవలెను. మరియొక కారణము గలదు: కామ్ 1, కామ్ 3 సాధారణముగా 4వ ఇంటరప్టునే పంచుకొనును. మౌసు ఒకదానిపై, లోపలి మోడెము మరొకదానిపై నున్నచో కలహము తప్పదు.

పోర్టులు రెండును మంచివై, కేబులు తగిలించిన పిదప అక్షరములు పిచ్చి గుర్తులుగా వచ్చినచో ఇరువైపుల వేగములు వేరుగా నున్నవన్నమాట. అక్షరములు చక్కగా వచ్చి, పెద్ద ఫైలు మాత్రము నడుమ నిలిచిపోయినచో తప్పు 7, 8 సూదులలో వెదకవలెను. "పంపవచ్చునా" యను ప్రశ్నకు "పంపుము" అను జవాబు వచ్చు తీగలవి. సలాముకు జవాబు రాక ఆ యంత్రము ఎదురుచూచుచు నిలిచియుండును. అవి కూడ అడ్డముగా మారియుండవలెను. పాత యంత్రములందలి సీరియల్ చిప్పు హెచ్చు వేగమును తట్టుకొనలేకపోవచ్చును; వేగము తగ్గించి చూడుడు. సెకనుకు 1,15,200 బిట్ల వేగమున, అక్షరమునకు 10 బిట్ల వంతున, ఒక 1.44 ఎం.బి. ఫ్లాపీలోని సమాచారము పోవుటకు 128 సెకన్లు చాలును. 9,600 వేగమున ఇరువదియైదు నిమిషములకు పైబడును. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి సాగినను, తీగకు ఆ భేదము లేదు. ఒకదాని వెంట నొకటిగా బిట్లు పోవుటయే దాని యెరుక.

ఇక విండోస్ సంగతి. ఒక యంత్రము ఆతిథేయి, రెండవది అతిథి. రెండింటికిని వేరు పేర్లును, ఒకే ప్రోటోకాలును ఉండవలెను. ఆతిథేయి యందు ఫోల్డరును షేరు చేసియుండవలెను. కలిసిన తరువాత షేరు చేసిన ఫోల్డర్లు కనబడక అతిథి పేరడిగినచో, ఆతిథేయి కంప్యూటరు పేరు వ్రాసినంత తలుపు తెరచుకొనుట కద్దు.

పారలల్ పోర్టు ద్వారా కలుపుట ఇంతకంటె వేగము. కాని ప్రింటరు కేబులు దానికి పనికిరాదు. ప్రత్యేకమైన లాప్‌లింక్ తరహా కేబులే కావలెను. ఆ పోర్టునకు ఏదేని సాఫ్ట్‌వేరు తాళము తగిలించియున్నచో దానిని తీసి భద్రపరచుడు, పారవేయకుడు. రెండు యంత్రములును ఆపిన పిమ్మటనే ఆ కేబులు తగిలింపవలెను, లేనిచో పోర్టు కాలిపోవచ్చును. విద్యుత్తు కూడ ఎర్తు గల ఒకే పలకనుండి ఇచ్చుట మేలు.

ఫైళ్ళను కాపీ చేయుడే గాని మూవ్ చేయకుడు. పత్రములతోబాటు ఫాంట్ల ఫోల్డరును తప్పక తీసికొనవలెను. పాత తెలుగు ఫైలును దాని ఫాంటు లేక తెరచినచో అర్థము లేని రోమను గుర్తులే కనబడును. తెచ్చిన ప్రతిని మూలముతో ఎఫ్.సి. ఆజ్ఞ ద్వారా, బి గుర్తు చేర్చి, బైటు బైటుగా పోల్చి చూచిన తరువాతనే పాత యంత్రమును కదలింపవలెను.