గౌటు వ్యాధి - పానీయములు

మా కళాశాలలో ఒక ఉపాధ్యాయ మిత్రులు కలరు. కల్లుగాని సారాగాని జన్మలో ముట్టినవారు కారు. ఒకనాటి వేకువన ఆయన కాలి బొటనవ్రేలి కీలు ఎఱ్ఱగా వాచి, దుప్పటి తగిలినను ఓర్వరాని బాధ కలిగినది. వైద్యుడు పరీక్షించి గౌటు వ్యాధి యని చెప్పెను. "త్రాగుడు అలవాటున్నదా?" యని చూడవచ్చిన వారెల్ల అడుగుట ఆయనకు నొప్పికంటె దుస్సహమైనది. రోజుకు రెండు మూడు సీసాల తియ్యని శీతలపానీయము త్రాగుట ఆయన అలవాటు. దానినిగూర్చి మాత్రము ఎవరును అడుగలేదు!

గౌటునకు మూలము యూరిక్ ఆమ్లము. కణములయందును ఆహారమునందును ఉండు ప్యూరిన్లు అను పదార్థములు విచ్ఛిన్నమైనపుడు ఇది ఏర్పడును. పెక్కు క్షీరదములలో యూరికేజ్ అను ఎంజైము దీనిని బాగుగా కరగు వేఱొక పదార్థముగా మార్చివేయును. మనుష్యునకు ఆ ఎంజైము లేదు. అందుచే ఈ ఆమ్లమును బయటికి పంపు భారము చాలవఱకు మూత్రపిండములపై పడుచున్నది. 100 మిల్లీలీటర్ల రక్తద్రవములో ఇది సుమారు 7 మిల్లీగ్రాములు మించినచో, దీని లవణము సూదులవంటి స్ఫటికములుగా కీళ్ళలో చేరవచ్చును. ద్రావణము చల్లబడినకొలది ఈ లవణము కరగు శక్తి తగ్గును. దేహమునందెల్ల చల్లగా నుండు కాలివ్రేళ్ళను ఈ వ్యాధి ముందుగా పట్టుటకు ఇదియొక కారణము. 19వ శతాబ్దమున ఆల్ఫ్రెడ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు రోగి రక్తద్రవములో కొంచెము ఎసిటిక్ ఆమ్లము కలిపి, అందొక దారమును ఉంచి, పటికబెల్లము పట్టినట్లు దారమునకు స్ఫటికములు పట్టుటను చూపెను.

ఇక పానీయముల మాట. ఆల్కహాలువలన దేహములో లాక్టిక్ ఆమ్లము పెరిగి, యూరిక్ ఆమ్లము మూత్రములో పోవుటకు అడ్డు తగులును. బీరులో దీనికి తోడు ప్యూరిన్లును కలవు. ఇది చాలమందికి తెలిసినదే. తెలియనిది చక్కెర సంగతి. చక్కెరలో సగము ఫ్రక్టోజు. కాలేయము దీనిని వినియోగించుకొనునపుడు కణములలో శక్తిని నిలువచేయు ఎ.టి.పి. త్వరత్వరగా ఖర్చగును. అట్లు మిగిలిన ముక్కలు తుదకు యూరిక్ ఆమ్లమగును. అనగా ప్యూరిన్లు ఏమాత్రము లేని పానీయముకూడ యూరిక్ ఆమ్లమును పెంచగలదు. అమెరికాలో పురుషులపై జరిపి 2008లో ప్రకటించిన ఒక పరిశీలనలో, రోజుకు రెండుగాని అంతకు మించిగాని తియ్యని శీతలపానీయములు త్రాగువారికి గౌటు వచ్చు అవకాశము, నెలకు ఒకటికూడ త్రాగనివారికంటె 85 శాతము ఎక్కువగా కనబడినది. పండ్లరసమును ఎక్కువగా త్రాగినను ముప్పు కలదు. చెఱకురసమునందున్నదియు ఆ చక్కెరయే కదా!

మంచినీరు అన్నిటికంటె మేలు. మన వేసవిలో చెమట పోయి మూత్రము చిక్కబడినచో యూరిక్ ఆమ్లపు రాళ్ళు ఏర్పడవచ్చును. అయితే గుండెజబ్బుగాని మూత్రపిండముల జబ్బుగాని ఉన్నవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యునే అడుగవలెను. వెన్నతీసిన పాలు, పలుచని మజ్జిగ మంచివి. పాలలోని ప్రోటీనులు యూరిక్ ఆమ్లము బయటికి పోవుటకు తోడ్పడును. చక్కెర లేని కాఫీకి అభ్యంతరము లేదు. కాని పానీయములు మందులకు బదులు కావు. మజ్జిగ త్రాగుచున్నామని వైద్యుడిచ్చిన బిళ్ళలు మానివేయుట ప్రమాదము.

మా మిత్రులు బిళ్ళలు వేసికొనుచు, ఇంటినుండి మజ్జిగ తెచ్చుకొనుచున్నారు. కాఫీలో రెండు చెంచాల చక్కెరమాత్రము ఇంకను వదలలేదు.