సెన్సర్ మార్చే ముందు... వైరు చూడండి!

మిర్చి సీజన్‌లో గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే దారంటే ముందో లారీ, వెనకో లారీ. దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే కారు ఒక్క కుదుపు కుదిపి నీరసపడిపోతుంది. ఎంత తొక్కినా పికప్ రాదు. పక్కకి ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పరుగెడుతుంది! షెడ్డులో స్కానర్ పెడితే 'థ్రాటిల్ పొజిషన్ సెన్సర్' అని వస్తుంది. కొత్తది వేయిస్తారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే కుదుపు.

తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. పి0122, పి0123 లాంటి కోడ్‌లు చెప్పేది ఆ సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువగానో ఎక్కువగానో ఉందని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటేనా? వైర్లు, కప్లర్, అవతలి కొసన ఇంజిన్ కంప్యూటర్... అన్నీ!

మూడు వైర్ల కథ

కార్బురేటర్ కాలంలో ఈ తంటా లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక, గాలి లోపలికి వెళ్లే తలుపు ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కి తెలియాల్సి వచ్చింది. ఆ కబురు మోసేదే ఈ సెన్సర్. మామూలు రకానికి మూడు వైర్లుంటాయి. ఒకదాంట్లో 5 వోల్టులు వస్తాయి. ఒకటి ఎర్త్. మూడోది సిగ్నల్. కాలు తీసినప్పుడు సిగ్నల్ సుమారు అర వోల్టు, పూర్తిగా తొక్కితే నాలుగున్నరకు దగ్గరగా ఉంటుంది. అంకెలు కారును బట్టి కాస్త మారతాయి. కేబుల్ లేని కొత్త కార్లలో ఇలాంటి సిగ్నళ్లు రెండు. వాటికి పొంతన కుదరకపోతే కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. ఎదురుగా లారీ వస్తుండగా అలా జరిగితే ప్రాణాల మీదికే వస్తుంది.

పరీక్షకు కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, కప్లర్ ఊడదీయకుండా వెనకవైపు నుంచి సన్నని ప్రోబ్ పెట్టాలి. వైరుకి పిన్ను గుచ్చి చూడటం చాలామందికి అలవాటు. ఆ చిల్లులోంచి తేమ చేరి లోపలి రాగి పచ్చగా చిలుం పడుతుంది. అంటే రిపేరు పేరుతో కొత్త రోగం అంటించడమే! తాళం ఆన్‌లో ఉండగా కేబుల్ లేని థ్రాటిల్ లోపల వేలు మాత్రం పెట్టొద్దు.

పెడల్ నెమ్మదిగా తొక్కుతుంటే సిగ్నల్ ఆగకుండా సాఫీగా పెరగాలి. మధ్యలో ఒక్కసారి పడి లేస్తే సెన్సర్‌ని అనుమానించవచ్చు. సెన్సర్ దగ్గర సరిగ్గా ఉండి, కంప్యూటర్ దగ్గర లేదంటే దోషం మధ్యలోని వైరుది. ఎర్త్ తెగితే సిగ్నల్ పడిపోతుందని అనుకుంటాం కదా, నిజానికి అది 5 వోల్టుల దాకా ఎగబాకుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఇంకో మాయ కూడా ఉంది. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 'బీప్' అంటుంది. అదే వైరు రోడ్డు మీద కుదుపుల్లో వదిలేస్తుంది. అందుకే మీటర్ తగిలించి ఉంచి, వైరింగ్‌ని చేత్తో అంగుళం అంగుళం కదిలించి చూడాలి. అంకె ఎగిరిన చోటే దోషం. ఈ పని ఓపికతో కూడుకున్నది. గంట పట్టినా మంచి మెకానిక్ విసుక్కోడు.

ఎలుకలున్నాయి జాగ్రత్త!

పత్తి మూటలు, మిర్చి టిక్కీలు పక్కనే ఉన్న పాకలో కారు పెడితే ఎలుకలకు వెచ్చని ఇల్లు దొరికినట్టే. వాటి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకాల్సిందే. చిత్రమేమిటంటే హోండా కంపెనీ ఎలుకలు కొరక్కుండా వైర్లకు చుట్టే టేపు ఒకటి అమ్ముతోంది. అందులో ఉండేది క్యాప్సైసిన్... గుంటూరు మిరపకు ఘాటునిచ్చేదీ అదే! అలాగని ఇంజిన్‌లో కారప్పొడి చల్లకండి. ఏసీ గాలితో పాటు అది మీ కళ్లల్లోకే వస్తుంది.

కొరికిన వైరు దొరికితే మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకూడదు. టంకం వేయించి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడిగించి, వేడి భాగాలకు తగలకుండా క్లిప్పుతో కట్టించాలి. తర్వాత పాత కోడ్ చెరిపించి, కారుని గతుకుల రోడ్డు మీద ఓసారి తిప్పి మళ్లీ స్కానర్ పెట్టించండి.