వృద్ధ తల్లిదండ్రులు: సేవ, భద్రత, స్వేచ్ఛ



బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయతులు మనలో అనేకులకు కంఠస్థమే. తనను మాత్రమే ఆరాధించాలని ఆజ్ఞాపించిన వెంటనే అల్లాహ్ తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించాడు. వృద్ధాప్యానికి చేరిన వారి ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనరాదన్నాడు. ఈ ఆయతులపై ఎన్నో ఖుత్బాలు విన్నాము. అయితే విసుగు లేకుండా, ప్రేమతోనే వారిని నొప్పించే పద్ధతి ఒకటి ఉంది.

నా సంగతే చెబుతాను. మా అమ్మీ ఒకనాడు ఫజ్ర్ వేళ వుజూ చేస్తూ స్నానాలగదిలో జారిపడ్డారు. అల్లాహ్ దయవల్ల ఎముక విరగలేదు. భయపడిపోయిన నేను ఆమె ఇక వంట జోలికి పోరాదనీ, పొరుగింటికి ఒంటరిగా వెళ్ళరాదనీ కట్టడి చేశాను. సేవ చేస్తున్నాననే తలచాను. వారం తిరగకముందే ఆమె మాటలు తగ్గించేశారు. గుచ్చి గుచ్చి అడిగితే, “బేటా, నేను పడింది స్నానాలగదిలో. నువ్వు తాళం వేసింది వంటింటికి” అన్నారు. ఏళ్ళ తరబడి మింబర్ ఎక్కి తల్లిదండ్రుల హక్కులు బోధించిన నాకు జవాబు తోచలేదు.

అప్పుడు గాని స్నానాలగదిని పరికించి చూడలేదు. వాష్‌బేసిన్ వద్ద నిలబడి, ఒక్కొక్క కాలే పైకెత్తి కడుక్కోవడం ఆమె అలవాటు. తడిసిన టైల్స్ మీద ఒంటికాలిపై నిలవడం యువకులకే కష్టం. చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ తగ్గినవారి మాట చెప్పనక్కరలేదు. కింది కుళాయి ఎదుట, జారని కాళ్ళున్న స్టూలు వేయించాను. గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ బిగించాను. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువుకు ఆగదు, దానిని నమ్మకండి. అవసరమైతే బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాను. మంచం నుంచి స్నానాలగది వరకు దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు అమర్చాను. నున్నని గ్రానైట్ నేలపై జానమాజ్ కూడా జారుతుంది. దాని కింద రబ్బరు పట్టా పరిచాను. తహజ్జుద్‌కు లేచే పెద్దలు, ముఖ్యంగా రక్తపోటు మందులు వాడేవారు, ఒక్కసారిగా నిలబడితే తల తిరగవచ్చు. కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి. అమ్మీ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారు.

షరీఅత్‌లోని సౌలభ్యాలను వారికి గుర్తుచేయడం కూడా సేవే. నిలబడలేనివారు కూర్చుని, అదీ సాధ్యపడకుంటే పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజియల్లాహు అన్హు) గారికి బోధించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. వుజూతో ధరించిన తోలు మేజోళ్ళపై స్థానికులు ఒక పగలు, ఒక రాత్రి వరకు మసహ్ చేసుకోవచ్చు. మన పెద్దలలో కొందరు కుర్చీని చూస్తేనే చిన్నబోతారు. అది లోపం కాదని, అల్లాహ్ ఇచ్చిన అనుమతి అని మెల్లగా చెప్పాలి, ఒత్తిడి పనికిరాదు.

హిజ్రీ 8లో మక్కా విజయ సందర్భాన అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) తమ తండ్రి అబూ ఖుహాఫాను చేయిపట్టి ప్రవక్త సన్నిధికి తోడ్కొనివచ్చారు. ఆయన చూపు పోయిన వృద్ధుడు, అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు కూడా. ఆ పెద్దాయనను ఇంటివద్దనే ఉండనిస్తే తామే వచ్చేవారమన్న భావాన్ని ప్రవక్త వ్యక్తం చేశారు. ఒక నగరం తమకు లొంగిన రోజున ఆయనకు తట్టింది ఒక ముసలివాని శ్రమ! పెద్దలను మన సౌకర్యం కోసం ఈ కుమారుని ఇంటికీ ఆ కుమార్తె ఇంటికీ తిప్పేముందు దీనిని తలచుకోవాలి.

మరొక సంగతి. తల్లి గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా అనుమతి అడగాలన్న ప్రవక్త బోధను ఇమామ్ మాలిక్ తమ ముఅత్తాలో పొందుపరచారు. కడప నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన కుమారులు ఆదుర్దాతో ఇంట్లో కెమెరాలు పెట్టిస్తున్నారు. గుమ్మం వద్ద కెమెరా సరే, అదీ వారికి చెప్పి పెట్టించండి. వారి పడకగదిలో కెమెరా పెట్టడం, నా దృష్టిలో, అడగకుండా తలుపు తోయడం వంటిదే. దానికి బదులు ప్రతిరోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే వెళ్ళి చూడడానికి తాళం చెవి ఉన్న పొరుగువారొకరిని వారే ఎంచుకోనివ్వండి. ఒంటరిగా ఉండే పెద్దలకు 14567 అనే ఉచిత ఎల్డర్‌లైన్ నంబరు కూడా ఉంది. పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అతికించండి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. మన వుజూఖానాలలో పాచిపట్టిన నేల, కదిలే పీటలు, చేయి ఆనించుకోవడానికి ఏమీ లేని మెట్లు ఎన్ని ఉన్నాయో ఈ అసర్ నమాజు తరువాత ఒకసారి చూడండి. మీ వెంట ఒక వృద్ధ నమాజీని తీసుకువెళ్ళి, కడ్డీ ఎక్కడ కావాలో ఆయననే అడగండి.