ఉక్కు ఇరుసుకు కుదురు

లింగంపల్లి దాటి పటాన్‌చెరు వైపు వెళ్తుంటే రామచంద్రాపురం దగ్గర బీహెచ్‌ఈఎల్ ప్రహరీ చాలా దూరం వెంబడే వస్తుంది. 1965లో ఉత్పత్తి మొదలైన ఈ కర్మాగారానికి పేరు తెచ్చిన యంత్రం ఆవిరి టర్బైను. బొగ్గు మండితే కరెంటు పుడుతుందని తేలిగ్గా అనేస్తాం. బొగ్గు మండేది, నీళ్లు ఆవిరయ్యేది బాయిలర్‌లో. ఆ ఆవిరి ఒత్తిడిని తిరుగుడుగా మార్చేది టర్బైను. తిరుగుడును కరెంటు చేసేది దానికి జోడించిన జనరేటరు.

ఈ టర్బైను 1884లో ఇంగ్లండ్‌లో చార్లెస్ పార్సన్స్ చేతిలో రూపు దిద్దుకుంది. అధిక ఒత్తిడిలో ఉన్న ఆవిరిని ఒక్కసారిగా వదిలితే విపరీతమైన వేగంతో చిమ్ముతుంది. ఆ వేగానికి తగ్గట్టు చక్రాన్ని తిప్పబోతే ఆనాటి లోహాలు నిలిచేవి కావు. పార్సన్స్ చేసిందల్లా ఆ ఒత్తిడిని వరుసలు వరుసలుగా పెట్టిన రెక్కల మధ్య మెట్టుమెట్టుగా దించడమే. ఆ తొలి యంత్రం ఇచ్చింది 7.5 కిలోవాట్లు, తిరిగింది నిమిషానికి 18,000 చుట్లు. 1897లో విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవాల నౌకా ప్రదర్శనలో టర్బైనుతో నడిచే ఆయన చిన్న ఓడ టర్బీనియా యుద్ధనౌకల వరుసల మధ్య నుంచి దూసుకుపోయింది. దాన్ని పట్టుకోబోయిన పడవలు వెనకబడ్డాయి.

రామచంద్రాపురానికి ఈ విద్య చెకొస్లొవేకియా నుంచి వచ్చింది. పిల్సెన్ నగరంలోని స్కోడా సంస్థ సహకారంతో ఇక్కడ 60, 110 మెగావాట్ల సెట్లు తయారయ్యాయి. తర్వాత పంచదార, కాగితం మిల్లులకూ రిఫైనరీలకూ కావలసిన చిన్న టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు, గ్యాస్ టర్బైన్లు కూడా వచ్చి చేరాయి.

టర్బైను చూసినవాళ్లు ముందు దాని పరిమాణానికే అబ్బురపడతారు. నిజానికి అబ్బురపడాల్సింది గ్రాముల దగ్గర. రోటరు అంటే టన్నుల బరువున్న ఉక్కు ఇరుసు. క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలిపిన ఉక్కును సాగగొట్టి, పెద్ద లేత్ మీద రోజుల తరబడి చెక్కుతారు. దాని గాడుల్లో బ్లేడ్లు బిగిస్తారు. వీటికి ఎక్కువగా వాడేది 12-13 శాతం క్రోమియం ఉన్న తుప్పు పట్టని ఉక్కు. 500 డిగ్రీలు దాటిన ఆవిరి తగిలే చోట లోహం విరక్కపోయినా, ఏళ్ల తరబడి లాగుడుకు కొద్దికొద్దిగా సాగుతుంది. బ్లేడు కొసకూ కేసింగుకూ మధ్య సందు మిల్లీమీటరులో కొంత భాగమే కాబట్టి ఆ కాస్త సాగుడు కూడా లెక్కలోకి రావాలి. ఎక్కువ సందు వదిలితే ఆవిరి పని చేయకుండానే జారిపోతుంది, తక్కువ వదిలితే లోహానికి లోహం రాసుకుంటుంది.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు కాబట్టి రెండు ధ్రువాల జనరేటరు నిమిషానికి కచ్చితంగా 3000 చుట్లు తిరగాలి. ఆ వేగంలో ఇరుసు మధ్య నుంచి మీటరు దూరంలో ఒక్క గ్రాము బరువు ఎక్కువైతే అది దాదాపు పది కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు యాభైసార్లు చుట్టూ తిరుగుతూ బేరింగులను కుదిపేస్తుంది. కాబట్టి రోటరును తిప్పి చూడనిదే పని పూర్తి కాదు. రామచంద్రాపురంలో దీనికోసమే వాక్యూమ్ బ్యాలెన్సింగ్ టన్నెల్ ఉంది. లోపలి గాలిని తోడేస్తారు, లేకపోతే బ్లేడ్లు గాలిని చిలికి వేడెక్కిపోతాయి, తిప్పడానికి అయ్యే కరెంటూ ఎక్కువే. అదురును సెన్సర్లు కొలుస్తాయి. ఎక్కడ ఎంత బరువు చేర్చాలో లెక్క తేలాక చిన్న చిన్న బిళ్లలు బిగించి మళ్లీ తిప్పుతారు. 3000 చుట్ల జనరేటరు రోటరును పరీక్షలో 3600 దాకా తీసుకెళ్తారు.

ఇంత బరువు మోసే బేరింగు లోపలి పూత మాత్రం మెత్తని వైట్ మెటల్. అందులో ప్రధానంగా తగరం, కొంత యాంటిమొని, రాగి. నడుస్తున్నప్పుడు ఇరుసు దాన్ని తాకదు, మధ్యలో పలచని నూనె పొర మీద తేలుతుంది. యంత్రం ఆపేశాక కూడా ఇరుసుకు విశ్రాంతి ఉండదు. వేడిగా ఉన్న రోటరు కదలకుండా ఉంటే పైభాగం, కిందిభాగం ఒకేలా చల్లారక వంగుతుంది. అందుకే బారింగ్ గేర్ దాన్ని గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉంటుంది. రాత్రి డ్యూటీ ఆపరేటరు ఈ గేరు నడుస్తోందా లేదా అన్నదాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోడు.

కొత్తగూడెం థర్మల్ కేంద్రం బి, సి విభాగాల్లో 1970లలో బీహెచ్‌ఈఎల్ 110 మెగావాట్ల సెట్లు నిలిచాయి. తర్వాత వాటి సామర్థ్యాన్ని 120గా లెక్కకట్టారు. నాలుగు దశాబ్దాలు దాటి పనిచేశాక అక్కడి పాత ఎనిమిది యూనిట్లూ 2020 నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో వాటి కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చారు. ఆ ఎనిమిదింటి సామర్థ్యం కలిపి 720 మెగావాట్లు. అదే ప్రాంగణంలో 2018లో నడకకు వచ్చిన ఏడో దశ యూనిట్‌కూ బీహెచ్‌ఈఎల్ యంత్రాలే. ఆ ఒక్క యూనిటే 800 మెగావాట్లు. దాని ఇరుసు తిరిగేదీ నిమిషానికి 3000 చుట్లే.